పాత పద్దుల బరువు: బ్లాక్‌చెయిన్ ఆర్కైవ్ సర్వర్ల ఖర్చు, నకళ్లు

2025 జులై 8న ఇథీరియం ఫౌండేషన్ ఒక ప్రకటన చేసింది. నోడ్, అంటే నెట్‌వర్క్ పద్దుల నకలు ఉంచే యంత్రం, నడిపేవాళ్లు ఇకమీదట 2022 సెప్టెంబరు 15కు ముందటి లావాదేవీలను తమ డిస్కుల్లో ఉంచుకోనక్కర్లేదు. వాటిని తీసేసే వీలు ప్రధాన సాఫ్ట్‌వేర్లన్నింటిలోనూ వచ్చేసింది. తీసేస్తే ఒక్కో యంత్రంలో 300 నుంచి 500 గిగాబైట్ల చోటు మిగులుతుంది. పదేళ్లుగా ఇక్కడ రాసింది చెరగదని చెప్పుకుంటూ వచ్చిన వ్యవస్థ, మొదటి ఏడేళ్ల పద్దులను దించేసుకోవచ్చని సభ్యులకు తానే చెప్పింది. బయటివాళ్లకు ఇది మాట తప్పడంలా కనిపించవచ్చు. నెలనెలా సర్వర్ల బిల్లు కట్టేవాళ్లకు మాత్రం ఆలస్యంగానైనా వచ్చిన తెలివిలాగే కనిపించింది.

బ్లాక్‌చెయిన్‌లో రాసినదాన్ని ఎవరైనా మారిస్తే పట్టుబడిపోతారు. ఆ భరోసా గణితం ఇస్తుంది. రాసినది రేపు అడిగినప్పుడు దొరుకుతుందా అన్నది వేరే సంగతి. దానికి ఎక్కడో ఒక డిస్కు తిరుగుతూ ఉండాలి, కరెంటు ఉండాలి, ఎవరో ఒకరు డబ్బు కడుతూ ఉండాలి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే చాలా సంస్థలు అక్కర్లేని చోట నకళ్లు పేర్చి, అసలు కావలసిన చోట ఒక్క నకలూ లేకుండా ఉంటున్నాయి. గత పదేళ్లలో ఈ రంగంలో జరిగిన పొరపాట్లనూ, కుదిరిన పొదుపులనూ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇదే. ఖర్చును తేల్చేది డేటా ఎంత ఉందన్నది కాదు, పోతే తిరిగి రానిది అందులో ఎంత ఉందన్నది.

మన పాత షావుకార్ల దగ్గర చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు లావాదేవీ ఆ రోజు వరసగా ఎక్కేది చిట్టాలో. ఎవరి ఖాతాలో ఎంత నిలువ ఉందో తేల్చి చూపేది ఆవర్జా. బ్లాక్‌చెయిన్‌లోనూ ఇవే రెండు. బ్లాకుల వరస చిట్టా అయితే, ఏ క్షణానికి ఎవరి నిలువ ఎంత, ఏ కాంట్రాక్టు ఏ దశలో ఉంది అన్నది ఆవర్జా. చిట్టా చేతిలో ఉంటే ఆవర్జాను మళ్లీ కట్టుకోవచ్చు, సమయం పడుతుందంతే. ఆవర్జా ఒక్కటే మిగిలితే చిట్టాను రాబట్టడం ఎవరి తరమూ కాదు.

బిట్‌కాయిన్ విషయంలో ఈ లెక్క తేలిక. 2009 జనవరి 3 నుంచి పోగైన చిట్టా మొత్తం 2025లో 650 గిగాబైట్లు దాటింది. ఏడాదికి వంద గిగాబైట్ల లోపే పెరుగుతుంది. ఖర్చు కాని నాణేల జాబితా, అంటే దాని ఆవర్జా, పది పన్నెండు గిగాబైట్లే. 2015లో వచ్చిన 0.11 వెర్షన్ నుంచే పాత బ్లాకులను సరిచూసి పారేసే సౌకర్యం ఉంది. కావాలంటే 550 మెగాబైట్ల బ్లాకులు మాత్రమే ఉంచుకుని కూడా నోడ్ నడపవచ్చు. మామూలు మనిషి ఇంట్లో పాత కంప్యూటర్‌కు ఒక టెరాబైట్ డిస్కు తగిలించి మొత్తం చరిత్రను దాచుకోగలడు కాబట్టి, బిట్‌కాయిన్ ఆర్కైవ్ గురించి ఎవరూ పెద్దగా బెంగ పెట్టుకోరు.

బెంగంతా ఇథీరియం లాంటి వాటితోనే. అక్కడ మామూలు ఫుల్ నోడ్ చివరి 128 బ్లాకుల ఆవర్జానే చేతికందేలా ఉంచుకుంటుంది. బ్లాకుకు పన్నెండు సెకన్ల చొప్పున అది పాతిక నిమిషాల గతం. నిరుడు మార్చి 31 అర్ధరాత్రికి ఫలానా ఖాతాలో ఎంత ఉందని అడిగితే ఆ నోడ్ జవాబు చెప్పలేదు. ప్రతి బ్లాకు నాటి ఆవర్జానూ చూపగలిగే ఆర్కైవ్ నోడ్ కావాలి.

ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువేమీ కాదు. ఆడిటర్లు అడుగుతారు, బ్లాక్ ఎక్స్‌ప్లోరర్లు నడిపేవాళ్లు అడుగుతారు, దొంగ సొమ్ము జాడ తీసే పోలీసులు అడుగుతారు. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, ఆ ఏడాది జులై 1 నుంచి ఒక శాతం టీడీఎస్ అమల్లోకి వచ్చాయి. క్రిప్టో ఎక్స్ఛేంజీలూ, వాలెట్లూ నడిపేవాళ్లు లావాదేవీలను మళ్లీ పేర్చి చూపగలిగేలా ఐదేళ్ల రికార్డులు ఉంచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. 2023 మార్చిలో మనీ లాండరింగ్ నిరోధక చట్టం కూడా వాళ్ల మీదకు వచ్చింది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఎక్స్ఛేంజీ నడిపే చిన్న కంపెనీకి పాత నిలువలు చూపగలగడం ఇప్పుడు చట్టం కోరే పని.

మరి ఆ ఆర్కైవ్ ఎంత పెద్దది? చాలాకాలం దీనికి జవాబు గెత్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె. అది 12 టెరాబైట్లు దాటి, పెరుగుతూ పెరుగుతూ 20 టెరాబైట్ల చుట్టుపక్కలకు చేరింది. ఇథీరియం ఆర్కైవ్ పెద్ద కంపెనీలకు తప్ప మోయలేని బరువని పేరు పడింది ఈ అంకె వల్లనే. అయితే ఆ బరువులో ఎక్కువ భాగం చరిత్రది కాదు, చరిత్రను రాసుకున్న పద్ధతిది. గెత్ ఆవర్జాను ఒక చెట్టులా అల్లుతుంది. ఒక్క ఖాతా మారితే ఆ ఆకుతో పాటు వేరు దాకా ఉన్న కొమ్మలన్నింటినీ కొత్తగా రాస్తుంది. పాతవాటినీ అట్టే పెడుతుంది. ఖాతాలో మారింది నాలుగు అంకెలైతే, డిస్కు మీద పడేది దానికి ఎన్నో రెట్ల రాత. ప్రతి బ్లాకుకూ, ప్రతి మార్పుకూ ఇదే తంతు.

ఇది అక్కర్లేదని వాదించినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు అలెక్సీ అఖునోవ్. టర్బో-గెత్ అని మొదలుపెట్టి తర్వాత ఎరిగాన్ అయిన సాఫ్ట్‌వేర్‌లో, చెట్టు కొమ్మలను కాకుండా ఏ బ్లాకులో ఏ ఖాతా ఎంత నుంచి ఎంతకు మారిందన్నది మాత్రమే వరసగా రాసుకుంటారు. పాత రోజు నిలువ కావాలంటే ఆ మార్పుల పట్టీలో వెతికితే చాలు. అదే చరిత్ర, అవే జవాబులు. పరిమాణం మాత్రం రెండు మూడు టెరాబైట్లలోకి దిగింది. తర్వాత వచ్చిన రెత్ కూడా ఈ దారినే పట్టింది. చివరికి 2025 మధ్యలో గెత్ తానే ఈ తరహా ఆర్కైవ్‌ను తెచ్చి, దాదాపు రెండు టెరాబైట్లకు దిగివచ్చింది.

ఉచితంగా ఏదీ రాలేదన్నది నిజమే. కొమ్మలను పారేస్తే, ఫలానా రోజు ఫలానా నిలువ ఉందని గణితపరంగా రుజువు చూపే పత్రాన్ని పాత బ్లాకులకు వెంటనే ఇవ్వడం కష్టమవుతుంది. ఆ రుజువులు కావలసినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. తక్కినవాళ్లకు కావలసింది నిలువ ఎంతన్న అంకె ఒక్కటే. ఇరవై టెరాబైట్ల బిల్లు కట్టినవాళ్లలో ఎక్కువమంది ఎన్నడూ అడగని రుజువుల కోసం కట్టారు. ఈ రంగంలో అతి పెద్ద పొదుపు డిస్కుల బేరంలో రాలేదు, క్లౌడ్ డిస్కౌంట్లలోనూ రాలేదు. ఏం అడగబోతున్నామో ముందే తేల్చుకోవడంలో వచ్చింది.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూద్దాం. అమెజాన్ క్లౌడ్‌లో అమెరికా తూర్పు ప్రాంతపు జాబితా ధర ప్రకారం, సర్వర్‌కు తగిలించే మామూలు ఎస్ఎస్‌డీ డిస్కు గిగాబైట్‌కు నెలకు 8 సెంట్లు. ఇరవై టెరాబైట్లకు 1,600 డాలర్లు. సర్వర్ అద్దె, అదనపు వేగం రుసుము ఇందులో లేవు. భద్రత కోసం మూడు నకళ్లు ఉంచితే డిస్కులకే నెలకు 4,800 డాలర్లు. రెండు టెరాబైట్ల ఆర్కైవ్‌కు ఇదే లెక్క 160, మూడు నకళ్లకు 480. ఇక్కడ ఆగి ఆలోచించాలి. పాత పద్ధతిలో ఒక్క నకలుకు పెట్టే డబ్బుతో కొత్త పద్ధతిలో పది నకళ్లు ఉంచుకోవచ్చు. ఖర్చు తగ్గించడం, నకళ్లు పెంచడం ఒకదానికొకటి విరోధులని మనం అనుకునే మాట ఇక్కడ నిలబడదు.

క్లౌడ్‌లో అసలు గుచ్చుకునేది డేటా బయటికి తీసే రుసుము. అదే సంస్థ దగ్గర చల్లని నిల్వ అనే అటక లాంటి సేవలో టెరాబైట్‌కు నెలకు ఒక డాలరు చాలు. ఇరవై టెరాబైట్లు నెలకు ఇరవై డాలర్లతో పడి ఉంటాయి. వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఆ ఇరవై టెరాబైట్లను ఇంటర్నెట్ మీదుగా బయటికి తెచ్చుకోవాలంటే మొదటి పది టెరాబైట్లకు గిగాబైట్‌కు 9 సెంట్లు, ఆ పైన కాస్త తక్కువ. మొత్తం 1,700 డాలర్ల పైమాటే. ఏడేళ్లు దాచినదానికంటే ఒక్కసారి తీసినదానికి ఎక్కువ. పైగా అటక మీంచి దించడానికే పన్నెండు గంటలు పట్టవచ్చు. బ్యాకప్ ఉందని ధైర్యంగా ఉన్న సంస్థలు ఈ రెండో అంకెను బడ్జెట్‌లో రాసుకోవడం అరుదు.

పీర్ నోడ్లకు పాత బ్లాకులు అందించడం కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. కొత్తగా చేరేవాళ్లు పాత చరిత్రను మన నోడ్ నుంచే దించుకుంటూ ఉంటే మీటరు తిరుగుతుంది. బిట్‌కాయిన్ కోర్‌లో రోజుకు ఎంత అప్‌లోడ్ చేయాలో పరిమితి పెట్టుకునే మీట ఉన్నది ఇందుకే. అందుకే ఆర్కైవ్ నడిపేవాళ్లలో చాలామంది క్లౌడ్‌ను వదిలి, నెలకింత అని అద్దె కట్టే డెడికేటెడ్ సర్వర్లకో, సొంత యంత్రాలకో మళ్లారు. సొంత యంత్రం అంటే మళ్లీ డిస్కు ఎంపిక దగ్గర మెలిక. సొంత మెమరీ చిప్పు లేని చవక ఎన్‌వీఎంఈ డిస్కులు ఇథీరియం రాత వేగాన్ని అందుకోలేక, నోడ్ ఎన్నటికీ నెట్‌వర్క్ కొసను చేరుకోదు. డిస్కు మీద రాసిన టెరాబైట్లనే వరసగా చదవమంటే ఇబ్బంది లేదు, యాదృచ్ఛికంగా లక్ష చోట్ల నుంచి తీయమంటేనే చవక సరుకు చేతులెత్తేస్తుంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ, ఎస్ఎస్‌డీల ధరలు పైకి ఎగబాకడంతో, ఏటా డిస్కులు చవకవుతాయి కదా అన్న పాత ధీమా కూడా సడలింది.

ఖర్చు ఒక సంస్థను ఎంత దూరం నెట్టగలదో తెలియాలంటే స్టీమిట్ కథ చెప్పాలి. స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్ మీద రాతలకు పారితోషికం ఇచ్చే సామాజిక వేదిక అది. 2018 నవంబరు 27న ఆ కంపెనీ తన ఉద్యోగుల్లో 70 శాతం మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. చెప్పిన కారణాల్లో క్రిప్టో మార్కెట్ పతనంతో పాటు, ఫుల్ నోడ్లు నడిపే ఖర్చు పెరిగిపోవడం కూడా ఉంది. ఆ నోడ్లు తమ ఆవర్జాను ర్యామ్‌లో ఉంచుకునేవి. వాడకందారులు పెరిగేకొద్దీ ర్యామ్ పెరగాలి, ర్యామ్ ఎక్కువున్న క్లౌడ్ యంత్రాల అద్దె ఎగబాకాలి. నాణెం ధర పడిపోయిన నెలలోనూ ఆ అద్దె తగ్గదు. ఆ తర్వాత వాళ్లు మీరా అనే మార్పుతో ఆవర్జాను ర్యామ్ నుంచి డిస్కు మీదికి దించారు, వ్యాఖ్యలూ అనుచరుల జాబితాల లాంటి సామాజిక సమాచారాన్ని మామూలు డేటాబేస్‌లోకి విడదీశారు. ఆ పనులు మార్కెట్ బాగున్న రోజుల్లోనే చేసి ఉంటే ఎందరి ఉద్యోగాలు నిలిచేవో చెప్పలేం. కానీ రాబడి నాణెంలోనూ ఖర్చు డాలర్లలోనూ ఉన్న ప్రతి బ్లాక్‌చెయిన్ సంస్థకూ ఆ ప్రమాదం ఇవాళ్టికీ ఉంది.

ఇక నకళ్ల సంగతి. ఒక సర్వర్ వందలో ఒక రోజు పడిపోతుందనుకుంటే, రెండు సర్వర్లు ఒకేసారి పడిపోయేది పదివేల రోజుల్లో ఒక రోజు అని లెక్క చెబుతుంది. ఆ లెక్క వెనక ఒక షరతు ఉంది: ఒకదాని చావుకూ రెండోదాని చావుకూ సంబంధం ఉండకూడదు. ఈ షరతును ఎన్ని రకాలుగా మర్చిపోవచ్చో గత ఐదారేళ్ల చరిత్ర చూపించింది.

2020 నవంబరు 11. ఇథీరియం అప్లికేషన్లలో పెద్ద భాగానికి సర్వర్లు అందించే ఇన్‌ఫ్యూరా సేవ ఆగిపోయింది. బైనాన్స్ లాంటి ఎక్స్ఛేంజీలు ఇథీరియం విత్‌డ్రాయల్స్ నిలిపేశాయి. డిస్కులు పోలేదు, కరెంటు పోలేదు. వాళ్ల నోడ్లలో కొన్ని గెత్ పాత వెర్షన్ మీద ఉన్నాయి. ఆ వెర్షన్‌లో ఒక లోపం ఉందని, తర్వాతి వెర్షన్‌లో దాన్ని చప్పుడు చేయకుండా సరిదిద్దారని అప్పటికి చాలామందికి తెలియదు. లోపాన్ని తట్టి లేపే లావాదేవీ ఒకటి వచ్చిన క్షణాన పాత వెర్షన్ నోడ్లన్నీ ఒకే బ్లాకు దగ్గర ఒకేలా దారి తప్పాయి. అవి పదున్నా వందున్నా ఫలితం ఒకటే. నకళ్లు అనేకం, లోపం మాత్రం ఒకటే.

2021 మార్చి 10న అర్ధరాత్రి దాటాక ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్‌కు డబ్బు కట్టిన ఖాతాదారులు కొందరు, తమ బ్యాకప్ కూడా అదే భవనంలో ఉండేదని ఆ తర్వాత తెలుసుకున్నారు. కోర్టుకు వెళ్లి పరిహారం గెలిచినవాళ్లున్నారు. డేటా మాత్రం రాలేదు. ఇక 2022 నవంబరు 2న సర్వర్లు అద్దెకిచ్చే జర్మనీ సంస్థ హెట్జ్‌నర్ తన నిబంధనల ప్రకారం క్రిప్టో పనులకు చోటు లేదంటూ సొలానా అనే బ్లాక్‌చెయిన్‌లో లావాదేవీలను ఖరారుచేసే వ్యాలిడేటర్ నోడ్లను మూసేసింది. వెయ్యికి పైగా నోడ్లు, నెట్‌వర్క్ వాటాలో ఐదో వంతు దాకా, ఒక్కసారిగా చీకట్లోకి వెళ్లాయి. అక్కడ చెడిపోయింది యంత్రమూ కాదు, సాఫ్ట్‌వేరూ కాదు. ఒప్పందం. చవక అద్దె కోసం అందరూ ఒకే ఇంటి యజమాని దగ్గర చేరితే, ఆయన ఒక్కడి మాటే అందరి మీదా నడుస్తుంది. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ తూర్పు ప్రాంతం కుంగినప్పుడు కాయిన్‌బేస్, ఇన్‌ఫ్యూరా వంటివి కుంగడం కూడా ఈ కోవలోదే.

కాబట్టి ఒక సంస్థ తన దగ్గర నాలుగు నకళ్లున్నాయని చెప్పినప్పుడు నేను అడిగే ప్రశ్న వేరు. ఎన్ని సాఫ్ట్‌వేర్లు? ఎన్ని భవనాలు? ఎన్ని కంపెనీల పేర బిల్లులు? ఎంతమంది చేతుల్లో పాస్‌వర్డ్లు? ఒకే క్లౌడ్‌లో నాలుగు గెత్ నోడ్లకన్నా, ఒక ఊళ్లో అద్దె సర్వర్ మీద ఎరిగాన్, మరో ఊళ్లో సొంత యంత్రం మీద రెత్ నడపడం చవక, గట్టిది కూడా. రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెబితే ఆ క్షణమే తెలిసిపోతుంది. ఒకే రకం నోడ్లు పది ఉంటే అన్నీ కలిసి తప్పు చెప్పినా పట్టుకునే దారి లేదు. రెండు రకాలూ నేర్చుకోవాలి, రెండింటి అప్‌డేట్లూ చూసుకోవాలి అన్న విసుగు ఉన్నమాట నిజమే. నెలకు కొన్ని గంటల ఆ విసుగునే నేను బీమా కింద లెక్కేస్తాను.

చిన్న సాంకేతిక చిక్కు ఒకటి చెప్పి ముందుకెళ్తాను. రెండు నోడ్లను, ప్రశ్నలను వాటి మధ్య పంచే ఒక లోడ్ బ్యాలన్సర్ వెనక పెట్టినప్పుడు ఒకటి ఒక బ్లాకు వెనకబడి ఉండవచ్చు. మొదటి ప్రశ్నకు ముందున్న నోడ్, రెండో ప్రశ్నకు వెనకున్నది జవాబిస్తే, వచ్చిన డబ్బు మాయమైనట్టు వాడకందారుకు కనిపిస్తుంది. ఒక వాడకందారును ఒక నోడ్‌కే కట్టి ఉంచడం దీనికి మందు. పాత బ్లాకుల ప్రశ్నలకు ఈ గొడవే లేదు. ఖరారైపోయిన బ్లాకు గురించిన జవాబు ఇక మారదు కాబట్టి ఒకసారి లెక్కించి దాచుకుంటే చాలు. కొత్త ప్రశ్నలను మామూలు నోడ్లకు, పాత ప్రశ్నలను ఆర్కైవ్‌కు మళ్లించి, పాత జవాబులను దాచుకుంటే, ఆర్కైవ్ నోడ్ మీద పడే భారం చాలా తగ్గుతుంది. అప్పుడు దానికి మహా వేగమైన యంత్రం కూడా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావచ్చు. ఏది పోతే తిరిగి రాదు?

బహిరంగ బ్లాక్‌చెయిన్‌లో చిట్టా నకళ్లు ప్రపంచమంతటా ఉన్నాయి. ఎవరి దగ్గర తెచ్చుకున్నా, డేటాకు వేలిముద్ర లాంటి హాష్‌తో సరిచూసుకోవచ్చు కాబట్టి ఇచ్చినవాణ్ని నమ్మక్కర్లేదు. ఎరిగాన్ పాత చరిత్ర ఫైళ్లను బిట్‌టోరెంట్ మీద దించుకోవడం ఇందుకే సాధ్యమైంది. 2022 సెప్టెంబరు 15కు ముందటి ఇథీరియం చరిత్రను 8,192 బ్లాకుల కట్టలుగా ఇరా ఫైళ్లలో పెట్టి పంచడమూ అంతే. ఆవర్జా ఎలాగూ చిట్టా నుంచి తిరిగి వస్తుంది. అంటే బహిరంగ చెయిన్ ఆర్కైవ్‌కు మనం తీసే నకలు డేటాను కాపాడేది కాదు, సమయాన్ని కొనేది. మొదటి నుంచి కట్టుకుంటూ వస్తే వారాలు పట్టే పని, స్నాప్‌షాట్ ఉంటే గంటల్లో అవుతుంది. మన వ్యాపారం ఎన్ని గంటలు ఓర్చుకోగలదో తేల్చుకుంటే ఎన్ని నకళ్లు కావాలో దానంతటదే తేలుతుంది. ఆడిట్ కంపెనీ రెండు రోజులు ఓర్చుకుంటుంది, దానికి రెండో ఆర్కైవ్ నోడే అక్కర్లేకపోవచ్చు. ఎక్స్ఛేంజీ రెండు నిమిషాలు కూడా ఓర్చుకోదు.

నిజంగా తిరిగి రానివి వేరే ఉన్నాయి. ఏ అడ్రసు ఏ ఖాతాదారుదన్న మన సొంత పట్టిక, ప్రైవేటు తాళాలు, మనం పెట్టుకున్న లేబుళ్లు, కాన్ఫిగరేషన్. ఇవన్నీ కలిపి కొన్ని గిగాబైట్లు దాటవు. ఇరవై టెరాబైట్లకు మూడు నకళ్లు తీసి, ఈ కొద్ది గిగాబైట్లను ఒక్క ల్యాప్‌టాప్‌లో వదిలేసే తీరు ఈ రంగంలో కొత్త కాదు.

చిట్టా కూడా ఎల్లకాలం అందరి దగ్గరా ఉంటుందనుకోవద్దు. 2024 మార్చి 13న ఇథీరియంలో వచ్చిన బ్లాబ్‌లు 4,096 ఎపోక్‌ల వరకే, అంటే పద్దెనిమిది రోజులు మాత్రమే నోడ్లలో ఉంటాయి. ఇథీరియం మీద ఆధారపడి నడిచే రెండో అంచె చెయిన్లు తమ డేటాను అక్కడ పెడతాయి. పద్దెనిమిది రోజుల తర్వాత దాన్ని దాచుకోవలసిన బాధ్యత వాళ్లదే. సొలానాలో 400 మిల్లీసెకన్లకో స్లాట్ కాబట్టి చిట్టాయే కొండలా పెరుగుతుంది. మామూలు వ్యాలిడేటర్లు కొద్ది రోజుల చరిత్రే ఉంచుకుంటాయి. మొత్తం చరిత్ర చాలాకాలం గూగుల్ బిగ్‌టేబుల్‌లోని ఒక డేటాబేస్ మీద ఆధారపడింది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే ప్రయత్నం దాన్ని ఎపోక్‌ల వారీ ఫైళ్లుగా విడగొట్టి వేరే చోట్ల కూడా నిలబెట్టేదాకా, వికేంద్రీకృతమని చెప్పుకునే చెయిన్ తన జ్ఞాపకాన్ని ఒక కంపెనీ సేవలో పెట్టుకుని బతికింది.

ఎందుకిలా? బ్లాకులు కట్టేవాళ్లకు బిట్‌కాయిన్, ఇథీరియం, సొలానా అన్నీ బహుమతి ఇస్తాయి. పాత బ్లాకులు దాచేవాళ్లకు ఏదీ పైసా ఇవ్వదు. ఆర్వీవ్ అనే నిల్వ నెట్‌వర్క్ ఈ లోటును పూడ్చాలని ఒక్కసారి డబ్బు కడితే శాశ్వతంగా దాస్తామంటుంది. నిల్వ ఖర్చు ఏటా కనీసం అర శాతం తగ్గుతుందన్న అంచనా మీద దాని నిధి నిలబడి ఉంది. ఆ అంచనా చాలా జాగ్రత్తగా వేసిందే, గత చరిత్రతో పోలిస్తే మరీ తక్కువ కూడా. అయినా శాశ్వతం అన్న మాట వినగానే నాకు అనుమానం కలుగుతుంది. నిధి ఉన్నంతకాలం, ఆ నాణేనికి ధర ఉన్నంతకాలం అని చదువుకోవాలి. ఇథీరియం చేసినట్టు చరిత్రను నోడ్ల మెడ నుంచి దించి, సరిచూసుకునే హాష్‌ను మాత్రం సాఫ్ట్‌వేర్‌లో ఉంచడం నా దృష్టిలో మేలైన దారి. దాచేవాళ్లు నిజాయతీపరులు కానక్కర్లేదు, ఎక్కడో ఒకరు దాస్తే చాలు. ఆ ఒకరు ఎవరన్నది మాత్రం ఇంకా ఎవరి పద్దులోనూ స్పష్టంగా రాయలేదు.

ఇదంతా బహిరంగ చెయిన్ల మాట. ప్రభుత్వాలు నడిపే, అనుమతి ఉన్నవాళ్లే చేరగలిగే చెయిన్లకు వస్తే లెక్క తలకిందులవుతుంది. 2024 సెప్టెంబరు 4న కేంద్ర ఐటీ శాఖ ప్రారంభించిన విశ్వస్య బ్లాక్‌చెయిన్ వేదిక ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీకి చెందిన భువనేశ్వర్, పుణె, హైదరాబాద్ డేటా సెంటర్లలో నడుస్తుంది. తెలంగాణలో చిట్‌ఫండ్ల పర్యవేక్షణకు రిజిస్ట్రేషన్ శాఖ టీ-చిట్స్ అనే బ్లాక్‌చెయిన్ వ్యవస్థను వాడుతోంది. సీబీఎస్ఈ మార్కుల పత్రాలను బ్లాక్‌చెయిన్‌లో ఎక్కిస్తోంది. ఇక్కడ చిట్టా ప్రపంచమంతా లేదు. ఆ కొద్ది సర్వర్లలో ఉన్నదే మొత్తం. మూడు ఊళ్లలో పెట్టడం మంచి పని, స్ట్రాస్‌బర్గ్ లాంటి మంటకు అది జవాబు. ఒకే సాఫ్ట్‌వేర్ లోపానికీ, ఒకే అధికారి చేతిలో ఉన్న తాళాలకూ మాత్రం అది జవాబు కాదు. బ్యాకప్ అక్కడ సమయాన్ని కొనే వ్యవహారం కాదు, పోతే పోయినట్టే.

పైగా నోడ్లన్నీ ఒకే సంస్థవైతే, ఆ సంస్థ కావాలనుకుంటే మొత్తం చెయిన్‌నే మళ్లీ కట్టుకోవచ్చు. దీనికి విరుగుడు ముప్పై ఏళ్ల నాటిది. బిట్‌కాయిన్‌ను ప్రతిపాదించిన పత్రం పేర్కొన్న హేబర్, స్టోర్నెట్టా అనే పరిశోధకుల ష్యూరిటీ సంస్థ 1995 నుంచి తమ రికార్డులన్నింటి హాష్‌ను వారానికోసారి న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో అచ్చువేయించింది. లక్షల కాపీలు గ్రంథాలయాలకు వెళ్లాక దాన్నెవరూ మార్చలేరు. మన ప్రభుత్వ చెయిన్ల హాష్‌ను వారానికోసారి రాజపత్రంలోనో దినపత్రికలోనో వేయిస్తే అయ్యే ఖర్చు ఒక చిన్న ప్రకటన ధర. ఇంత చవకైన నకలు ఏ క్లౌడూ అమ్మదు.

మార్కుల పత్రం నలభై ఏళ్ల తర్వాత కూడా సరిచూడాలి. సర్వర్ల కాంట్రాక్టేమో మూడేళ్లకో ఐదేళ్లకో ముగుస్తుంది. అందుకే అమరావతిలోనైనా హైదరాబాద్‌లోనైనా ఇలాంటి టెండర్లు రాసే అధికారులను ఒకటే కోరుతున్నాను. ఎన్ని నకళ్లుంటాయని అడిగే గడితో ఆగకండి. ఏటా ఒకసారి ఒక సర్వర్‌ను పూర్తిగా ఖాళీ చేసి, మిగిలినవాటితో దాన్ని ఎన్ని గంటల్లో తిరిగి నిలబెట్టారో, దానికి ఎంత ఖర్చయిందో గుత్తేదారు రాసి సంతకం చేయాలన్న షరతు చేర్చండి. బిల్లు చెల్లింపును ఆ కాగితానికి ముడిపెట్టండి.